సెక్కయ్యని మళ్లీ కొత్తగా రమ్మన్నారు

సెక్కయ్యని ఒకడుండేవోడంట. ఆడి అసలు పేరు ఎవుళికీ నోరు తిరగదు. పడవ పగిలిపోతే సెక్క పట్టుకుని మన ఒడ్డుకి కొట్టుకొచ్చేడు, అందుకని సెక్కయ్య అనీసేరు. ఏ దేశమోడో తెల్దు, సముద్రానికి అవతలోడు అనుకో. ఒంటి మీద గుడ్డ నేదు, నోట్లో మన మాట నేదు. అప్పుడు ఊరి పెద్ద కొర్లయ్య. ఆయనేటన్నాడంటే, "ఒరే, ఇక్కడ ఊరికినే ఎవుణ్ణీ ఉండనివ్వం. పెద్దవల లాగినప్పుడల్లా తాడు మీద నీ సెయ్యుండాల. సెయ్యున్నన్నాళ్లూ నువ్వు ఈ ఊరోడివే. వల నీళ్లలో ఉండగా తాడు ఒగ్గేసేవా, ఆ రోజుతో నీకూ ఊరికీ సెల్లు" అన్నాడంట. గంగమ్మ ముందర కొబ్బరికాయ కొట్టి మరీ అన్నాడు. ఆడికేటి అర్తమవుద్ది, తలూపేడు. ఆకలి మీదుంటే మీరైనా ఊపుదురు.

అలాగ ఇరవయ్యేళ్లు లాగేడంట. జొరమొచ్చినా లాగేడు, పెళ్లినాడు పసుపు బట్టల్తోనే వచ్చి లాగేడు. పెళ్లెవుళితోనా? కొర్లయ్య సెల్లెలు బండెమ్మతోనే. అంటే ఊరి పెద్ద ఆడికి బావయిపోనాడు. మన మాట నేర్సీసుకున్నాడు, తిట్లయితే మనకన్నా బాగా తిట్టీవోడంట. ఆడు పరాయోడని ఊరు మర్సిపోయింది. ఆడూ మర్సిపోనాడు. అక్కడే వచ్చింది తంటా.

ఏటయిందంటే, ఒక రోజు వల ఒడ్డుకి దగ్గరికొచ్చీసింది. రెండు పక్కలా తాళ్లు పట్టుకుని ముప్పై మంది లాగుతన్నారు. కొర్లయ్య తమ్ముడు ఎల్లాజీ వల ఎనకాల ఈదుకుంటా వత్తన్నాడు. కెరటం ఎత్తి కొట్టింది, ఆడి కాలు వలలో సిక్కుకుంది, మునిగిపోనాడు. ముప్పై మందీ సూసేరంట. తాడు పట్టుకునే సూసేరు, "అయ్యో అయ్యో" అంటా సూసేరు. సెక్కయ్య ఒక్కడే తాడు ఒగ్గేసి దూకేడు. ఎల్లాజీని జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్సుకొచ్చి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించేడు. అందరూ ఏడిసేరు, అందరూ సెక్కయ్యని కావలించుకున్నారు. అదంతా అయ్యేక ఎవుడో అన్నాడంట, "మరి తాడు ఒగ్గేసేడు గదా" అని. ఎవుడని అడక్కండి, అలాంటోడు ఊరికొకడుంటాడు.

ఇంక మూడు రోజులు కూకున్నారు. ఆణ్ణి పంపీయాలని ఎవుళికీ నేదు. ఉండనిద్దారని అనీడానికీ ఎవుళికీ దయిర్యం నేదు. రేపు వల కాళీగా వత్తే గంగమ్మకి కోపమొచ్చిందంటారు, బావ గనక పెద్ద ఊరుకున్నాడంటారు. కొర్లయ్య మొకం పీక్కుపోయింది. నాలుగో రోజు ఆయనికో ఆలోచన తట్టింది. "బావా, సెల్లయింది ఉన్నోడికి గదా, కొత్తగా వచ్చినోడికి కాదు గదా. నువ్వొకపాలి సముద్రంలోకెల్లి మళ్లీ రా. కొత్తోడినాగ రా. మళ్లీ అడుగుతాం, మళ్లీ మాటిత్తాను, మళ్లీ తాడు పట్టుకుందువుగాని. ఒక్క పూట పని" అన్నాడంట. ఊరంతా హమ్మయ్య అనుకున్నారు.

మరి కొత్తోడంటే పాతదేదీ ఉండకూడదు గదా. ఆడి మొలతాడు తెంపీమన్నారు, సేతి కడియం తీసీమన్నారు. ఓ సెక్క ఎతికి తెచ్చి సేతికిచ్చేరు. అంతటితో అయిందా? కొత్తోడికి పెళ్లామెక్కడిది? బండెమ్మని పుస్తె తియ్యమన్నారు. "అన్నా, ఈడు సచ్చేడేటి నాను తియ్యడానికి?" అంది. "ఒక్క పూటేనమ్మా, సాయంత్రం ఈడి సేతే మళ్లీ కట్టిత్తాను" అన్నాడు కొర్లయ్య. ఆమె సెక్కయ్య కేసి సూసింది. ఆడు ఇసక గీక్కుంటా కూకున్నాడంట, తియ్యమన్నేదు, వద్దన్నేదు. "నాను తియ్యను" అనీసి బండెమ్మ పోయి ఒడ్డున కూలబడింది.

పడవెవుడు నడిపేడనుకుంటన్నారు? ఎల్లాజీయే. "నన్ను బతికించినోణ్ణి నానే దింపాలేటి" అని ఏడుసుకుంటా నడిపేడు. కెరటాలు దాటేరు. ఒడ్డున ఊరంతా వరసగా నిలబడ్డారు, కొత్తోణ్ణి అడిగే మాటలు కొర్లయ్య నోట్లో అనుకుంటన్నాడు, ఎవుడివిరా, ఎక్కణ్ణించి వచ్చేవురా, ఏటి కావాల్రా అని.

"ఇంక దూకు బావా" అన్నాడు ఎల్లాజీ. సెక్కయ్య కదల్నేదు. "ఎల్లాజీ, అప్పుడు మీరడిగితే నాకు మాట రాదు గనక బతికిపోనాను. ఇప్పుడు వచ్చు. ఎక్కణ్ణించి వచ్చేవంటే ఏటని సెప్పను? ఈ ఊర్నించే వచ్చేనని సెప్పనా? అలిసిపోనాన్రా. ఇంకోపాలి కొత్తోణ్ణవడానికి నాకు ఓపిక నేదు" అన్నాడంట. "పడవ ఉత్తరానికి తిప్పరా" అన్నాడు సెక్కయ్య. ఆడు తిప్పేడు. ఒడ్డున బండెమ్మ అది సూసింది. లేసి, సీర దులుపుకుని, ఎవుళికీ సెప్పకుండా నీళ్ల అంచునే పడవెంట నడుసుకుంటా పోయింది.

కొర్లయ్య పొద్దుగూకేదాకా అలాగే నిలబడ్డాడంట. మర్నాడు ఎల్లాజీ కాళీ పడవతో వచ్చేడు. బండెమ్మని ఎక్కడ ఎక్కించుకున్నాడో, ఇద్దర్నీ ఎక్కడ దింపేడో సెప్పనేదు, మళ్లీ పెద్దవల తాడు ముట్టుకోనేదు. ఏ ఊళ్లో తేలేరో గానీ, అక్కడ మాత్రం అడక్కుండా ఉంటారేటి, మీరెక్కణ్ణించి వచ్చేరని? వచ్చినప్పుడు పరాయోడు ఒక్కడే. ఎల్లినప్పటికి ఇద్దరయ్యేరు, అందులో ఒకర్తి ఇక్కడ పుట్టిందే. సాల్లెండి, నాకు నీరసంగా ఉంది. ఆ కట్టుబాటు ఇంకా ఉందా అంటారేటి? రేపొద్దున్న వల దగ్గరికి వచ్చి, మీరొకపాలి తాడు ఒగ్గి సూడండి.