పేరయ్య కుడి చెవి

కుమ్మరి పేరయ్యని ఎరగనోళ్లు లేరు మా చుట్టుపక్కల. కుండలు కాల్చే ఆవంలోనించి తీసిన కుండని వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి కుడి చెవికాడ పెట్టుకున్నాడంటే, వెంట్రుకంత బీట ఉన్నా పట్టేసేవాడంట. మంచి కుండ ఖంగుమంటది, బీటది బొద్దుమంటది, అంతే తేడా. ఆయన పెళ్లాం ఆదెమ్మ. సారె తిప్పేటప్పుడు కుడిపక్కన కూర్చుని మట్టిముద్దలు అందియ్యడం ఆమె పని. పెళ్లయినకాడినుంచీ అదే చోటు.

అట్టా ఉండగా ఏమైందంటే, పేరయ్య సెల్లు కొన్నాడు. మట్టిగ్లాసులు కావాలని టీకొట్లోళ్లు పొద్దస్తమానం ఫోన్లు. చేతుల నిండా మట్టాయె, ఎట్టా పట్టుకుంటాడు? తలగుడ్డ చుట్టి కుడి చెవికాడ దోపేసేవాడు, సౌండు పూర్తిగా పెట్టి. ఒకరోజా, రెండ్రోజులా, పన్నెండేళ్లు అనుకో. మెల్లగా ఆ చెవి మందగించింది. ఈయనేమో ఫోను పాడైందని ఫోన్ని తిట్టేవాడంట, మూడు మార్చాడు కూడాను. ఫోనైతే మారుద్ది, చెవి మారుద్దా నాయనా? ఆదెమ్మకి తెలిసిపోయింది. ఆయన మంచివని పెట్టిన కుండల్ని చాటుగా మళ్లీ కొట్టి చూసి, బీటవి దొడ్లోకి తీసుకుపోయి వాటిల్లో బంతిమొక్కలు నాటేసేది. ఇంత పూల పిచ్చేందే నీకు అని పేరయ్య నవ్వేవాడంట.

ఇంతలో ఊళ్లో వీరభద్రయ్యగారి కూతురి పెళ్లొచ్చింది. ఐరేని కుండలు తెలుసుగా, పెళ్లి పందిట్లో పెట్టే రంగుల కుండలు. పెళ్లివారి ముత్తైదులు మేళంతో కుమ్మరింటికొస్తే, కుమ్మరే అందరి ముందూ ఒక్కోటీ కొట్టి చూసి ఇవ్వాల. వాటిని ఇంకోళ్లు కొట్టి చూడకూడదని మావైపు ఆచారం, అందుకే ఆదెమ్మ ముట్టలా. రెండు ఇచ్చాడు. మూడోది కొట్టాడు. బొద్దుమంది. మేళం గోలలో ఎవరికీ వినపళ్లా, పక్కనున్న ఆదెమ్మకి తప్ప. పేరయ్య బాగుందని తలూపాడు. ఆమె ప్రాణం కొట్టుకులాడిందంట. చెబితే ఊరిముందు మొగుడి పేరు పోద్ది. చెప్పకపోతే రేపు పందిట్లో నీళ్లు పొయ్యంగానే కుండ కారి, అపశకునమని ఆ పెళ్లిపిల్లని నలుగురూ నానా మాటలంటారు. ఏం చేసింది? భుజమ్మీద తువ్వాలు సర్దుతున్నట్టు ఎడంపక్కకొచ్చి, "ఇటు పెట్టుకుని కొట్టు మావా" అంది నెమ్మదిగా. ఎందుకో ఏమిటో అనుకుంటానే ఎడం చెవికాడ పెట్టి కొట్టాడు. మొహం పాలిపోయింది. ఇది పనికిరాదమ్మా అని పక్కన పెట్టి, ఇంకోటి తెచ్చి, ఎడం చెవితో విని ఇచ్చాడు. పేరయ్య చెవంటే చెవే అనుకుంటా ముత్తైదులు మేళంతో వెళ్లిపోయారు.

ఆయన మాత్రం దొడ్లో ఆ బంతికుండల మధ్య కూలబడ్డాడు. ఎన్నాళ్లనుంచి తెలుసే నీకు అన్నాడు. నాలుగేళ్లంది. మరి నాకు చెప్పలేదేమే అంటే, "రోజూ చెప్పాను మావా. కుడిపక్కన కూర్చుని చెప్పాను" అందంట.

పట్నంలో చెవుల డాక్టరుకి చూపిస్తే, పోయిన వినికిడి రాదు, ఉన్నదన్నా కాపాడుకోమన్నాడు. ఇప్పుడు ఫోను గూట్లో ఉంటది, మోగితే ఆదెమ్మే ఎత్తుద్ది. ఆమె చోటు ఎడంపక్కకి మారింది. బీట కుండ దొరికితే ఆయనే తెచ్చి, ఇదిగో నీ బంతికి అని చేతికిస్తాడు. దొడ్డే చాలట్లేదు పాపం.