మాసయ్య కొల్లాపూర్ పోయొచ్చిన సంగతి

శనివారం పొద్దుగూకేటాళ్లకు శ్రీనాథ్ సైకిల్ జమాత్ కొల్లాపూర్ నుంచి గద్వాలకు వాపసొచ్చింది. ఏసమ్మ చాయ్ హోటల్ గోడకు సైకిళ్లు ఆనిచ్చి, ఎవరి మోకాళ్లు వాళ్లు పట్టుకొని కూలబడ్డరు. ఎండకాలం. బడిపంతులు శ్రీనాథ్ అంగీ కొసతో మొకం తుడుసుకున్నడు. దవాఖానల నర్సు పని చేసే వర్ష సీసాల మిగిలిన నీళ్లు నెత్తి మీద పోసుకున్నది.

వాళ్లకన్న ముందే వచ్చి మాసయ్య బల్ల మీద కూసున్నడు. రెండో చాయ్ తాగుతుండు.

"తాతా, తొవ్వంత చూసుకుంట పోయినం. కొల్లాపూర్‌ల గూడ కనిపియ్యలేదేంది?" అన్నది వర్ష.

మాసయ్య గ్లాసు కింద పెట్టిండు.

వాళ్లవి గేర్ల సైకిళ్లు. ఆయనది పెండ్లినాటి ఇనుప సైకిల్. వచ్చే శని, ఆదివారాలు ఈ జమాత్ నాగర్‌కర్నూల్ పోతుంది. నేను గూడ వస్తనని మాసయ్య కొన్ని దినాలసంది ఎంటపడ్డడు. పెద్దమనిషిని కాదనలేక శ్రీనాథ్ ఒక మాటన్నడు: "కొల్లాపూర్ పోయిరా తాతా. వస్తే నీ పేరు రాసుకుంట." అందుకే ఇయ్యాల కోడి కూయకముందే ఒక్కడే ఎల్లిండు. రోజు ఇదే బల్ల మీద కూసొని, పోయేటోళ్లను సాగనంపి, వచ్చేటోళ్ల ముచ్చట్లు విని ఆయనకు ఇసుగొచ్చింది. సచ్చేలోపల ఒక్కసారన్న ఆ వరుసల తను ఉండాలె. గంతే.

మాసయ్య వెనక అరుగు మీద లింగయ్య కూసున్నడు. ఇద్దరికీ మాటల్లేవు. వయసుల ఉన్నప్పుడు మల్దకల్ జాతరల సైకిల్ పందెం పెడితే, లింగయ్య మోచేత్తో పొడిచి కంపల పడేసిండని మాసయ్య పగ. నేను తాకనే లేదు, వాడే పడ్డడని లింగయ్య. అప్పటిసంది మాసయ్య ఎక్కడ కూసున్నా లింగయ్యకు వీపే చూపిస్తడు, మొకం చూపియ్యడు.

"కొల్లాపూర్‌ల నేను కనిపియ్యాల్నంటే మీరు నన్ను అందుకోవాలె గద బిడ్డా," అన్నడు మాసయ్య. "ఎర్రవల్లి దాటేటప్పటికి ఇంకా సుక్క పొడిచే ఉంది. ఎదురుగాలి. నేను ఎదురుగాలిని లెక్క చేస్తనా, తల వంచి తొక్కుతున్న, తొక్కుతుంటే ఏందో తక్కువైనట్టు అనిపించింది, చూస్తే నా పక్కన నా నీడ లేదు."

"పొద్దు పొడవకపోతే నీడెట్లుంటది మామా?" అన్నది ఏసమ్మ చాయ్ వడగడుతూ.

"పొడిచింది పొడిచింది, నడుమ నడుమ అడ్డం రాకు. నీడ ఎర్రవల్లి కాడ్నే ఆగిపోయింది. రొప్పుకుంట, 'మాసయ్యా, నాతోని కాదు, నువ్వు పో' అన్నది. సరే అని దాన్ని ఆడ్నే కూసోబెట్టిన. వచ్చేటప్పుడు ఎక్కించుకొని వచ్చిన, నిజమో కాదో చూడుండ్రి, ఇగో ఇప్పుడు నా ఎంటనే ఉంది."

జమాత్ నవ్వింది. మాసయ్య నవ్వలేదు. బల్ల కింద తొడలు రెండు చేతులతోని పిసుక్కుంటుండు.

"బీచుపల్లి వంతెన మీద బస్సు తగిలింది. దాటేసిన. డ్రైవర్ దండం పెట్టిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడి వంతెన మీద చైను తెగింది! తెగి కృష్ణల పడ్డది. వేరేటోడైతే ఏడుస్తుండె. నా అంగీ జేబుల అగ్గిపెట్టె ఉంది, దాంట్ల గద్వాల చీర ఉంది—"

"చీరెందుకు పెట్టుకున్నవ్ తాతా?"

"గద్వాలోన్ని బిడ్డా, చీర లేంది ఇల్లు దాటుతనా? తీసి, మెలేసి, చైను తీరు చుట్టిన. పట్టు పట్టే, ఇనుము ఇనుమే. చప్పుడు లేకుండ ఎట్ల ఉరికింది సైకిల్! కాలు తీసినా ఆగదు. పెబ్బేరు కాడికి వచ్చేసరికి..."

చల్లారిన చాయ్ ఒక గుటక తాగిండు.

"పెబ్బేరుల ఏమైంది?" శ్రీనాథ్ అడిగిండు.

"శనివారం గద, సంత. గొర్లు, ఎద్లు, మందికి మంది. నా జోరు చూసి సంత సంతే లేచింది. ఎద్లు పలుపులు తెంపుకొని నా ఎంబడి, ఎద్ల ఎంబడి గొర్లు, గొర్ల ఎంబడి దళారులు. కొల్లాపూర్ దాక ఒక్కటే దుమ్ము. మీకు ఆ దుమ్ముల నేను ఎట్ల కనిపిస్త?"

"గందుకేనా మామా నీ దగ్గర గొర్ల కవురు వాసన కొడుతుంది!" అన్నది ఏసమ్మ.

"గందుకే," అన్నడు మాసయ్య తొందరగ. "ఇగ కొల్లాపూర్‌ల బిరేకు పట్టిన, పట్టదు. తోటల నడుమ నుంచి పోతుంటే నా గాలికి బేనిషాన్ మామిడికాయలన్నీ రాలినయి. ఎదురుగ కృష్ణ. ఆగితేనా? సైకిల్ నీళ్ల మీదనే పోయింది. మునగాల్నంటే దానికి తీరిక ఉండాలె గద! పుట్టి పడవల చేపలు పట్టేటోడు నోరు తెరిచిండు. ఆంధ్ర ఒడ్డుకు పోయిన, తిప్పుకున్న, వాపసొచ్చిన. టైర్లే తడిసినయి. వచ్చేసరికి ఆ రాలిన కాయలు పండ్లయినయి."

"ఒక్క పండన్న తేవద్దా తాతా?" వర్ష నీరసంగ చెయ్యి చాపింది.

"తెచ్చిన. గొర్లు తిన్నయి." అని, నోరు జారినట్టనిపించి శ్రీనాథ్ దిక్కు తిరిగిండు. "సరే, పంతులూ. పోయొచ్చిన. ఇగ నాగర్‌కర్నూల్‌కు నా పేరు రాయి."

శ్రీనాథ్ వర్ష మొకం చూసిండు. నవ్వు ఆపుకుంట జేబుల చెయ్యి పెట్టి ఫోన్ తీసిండు. "రాస్త తాతా. నువ్వు—"

"మాసిగా."

గొంతు వెనక నుంచొచ్చింది. ఏసమ్మ చేతుల గిన్నె అట్లనే ఆగింది. మల్దకల్ జాతర తర్వాత లింగయ్య మాసయ్యతో మాట్లాడింది ఇదే మొదలు.

"మాసిగా, నిన్ను ఎవరు కొన్నరురా?"

అందరు లేచి మాసయ్య వెనకకు పోయి చూసిండ్రు. తెల్లంగి వీపు మీద ఎర్రరంగు, భుజం నుంచి నడుము దాక, గీతలు గీతలుగ. ఆ రంగు ఈ సీమల తెల్వనోడు లేడు. పెబ్బేరు సంతల నోట్ల పండ్లు చూసి, ఈడు లెక్కగట్టి, బేరం తెగిందంటే కొన్నోడు గొర్రె వీపుకు పూస్తడు, వేరే మందల కలవకుండ. తడారని రంగు గొర్ల నడుమ ఇరుక్కొని కూసున్నోనికే అంటుతది. సైకిల్ తొక్కేటోనికి అంటదు.

నడుము పట్టుకొని పెబ్బేరు సంత గేటు కాడనే పడిపోవుడు, గొర్ల యాపారి జాలిపడి సైకిల్‌తో సహా గద్వాల దిక్కు పోయే ట్రాలీ ఆటోల ఎక్కించుడు, ఊరి బయట దిగి మిగిలిన తొవ్వ తొక్కుకుంట వచ్చుడు. ఇదంత చెప్పేటందుకు మాసయ్య నోరు తెరవలేదు. తెరిచే పని లేకుండెనాయె. మొకం ముంగట పెట్టుకొని అందరినీ కాసుకున్నడు. వీపు మాత్రం లింగయ్యకు ఇచ్చి కూసున్నడు, ఎప్పటి తీరే.

ఎవరూ గట్టిగ నవ్వలేదు. అలిసిపోయి ఉన్నరు.

"తాతా, నాగర్‌కర్నూల్ సంగతి..." అని శ్రీనాథ్ నసిగిండు.

"రాయకు," అన్నడు మాసయ్య. "పోయినోళ్ల పేర్లే రాయాలె. దాంట్ల మొగమాటం పనికిరాదు."

బల్ల పట్టుకొని మెల్లగ లేచిండు. గోడకున్న సైకిల్ దిక్కు పోకుండ ఒక్కసారి వెనకకు తిరిగిండు. లింగయ్య మొకం చూడక ఎన్నేండ్లాయెనో, వాడు కూడ గింత ముసలోడైనడని ఇప్పుడే తెలిసింది.

"రంగైతే పూసిండ్రు లింగా," అన్నడు. "పండ్లు చూసినంక వాపసు తోలిండ్రు."