ఎర్ర పేలిక విప్పమన్న సంతకం

పందొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయపు షిఫ్టులో, గడ్డపోతారంలోని మన ఔషధ ముడిసరుకుల కర్మాగారంలో శ్రీ కామరాజు గారు షిఫ్ట్ కెమిస్టుగా ప్రవేశించారు. ముప్పై అయిదు సంవత్సరాల ఇరవై తొమ్మిది దినాల సేవానంతరం, ఉత్పత్తి విభాగ ప్రధానాధికారిగా, ఈ జూలై ముప్పై ఒకటిన సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ తేదీ ఎన్నడో నిర్ణయమై ఉన్నదని ఎరిగినవారమే అయినా, నోటీసు బోర్డుపై కాగితం అంటించిన ఉదయం బాయిలర్ నుంచి ప్యాకింగ్ దాకా అందరూ దాని ముందు గుమిగూడారు. రియాక్టర్ల విభాగపు సీనియర్ ఆపరేటర్ శ్రీ కొమురయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మూడవసారి వేలు పెట్టి చదివి, "గిదేంది, గీ సారుకు గూడ వయసైతదా?" అన్నారు. పక్కనున్నవారెవరూ నవ్వలేదు.

తణుకు ప్రాంతం నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చిన కామరాజు గారు, తొలి నాలుగేళ్లు కాజీపల్లిలో ఒక కిరాయి గదిలో ఉండి, శ్రీమతి కమలాకుమారి గారితో వివాహమైన పిదప బీరంగూడలో స్థిరపడ్డారు. తొంభై ఎనిమిదిలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా, రెండువేల ఏడులో ప్రొడక్షన్ మేనేజరుగా బాధ్యతలు స్వీకరించారు. హోదా పెరిగినా, అందరినీ మీరు అని పిలిచే అలవాటు మారలేదు. హెల్పరుతోనైనా అండీ అనకుండా మాట్లాడినట్టు ఎవరూ విని ఉండరు.

రియాక్టరులో ఏ గంటకు ఎంత వేడి ఉన్నదో కాగితం చూడకుండా చెప్పగలిగిన ఈ మహానుభావునికి, సాయంత్రం తన స్కూటరు ఎక్కడ నిలిపినదీ జ్ఞాపకం ఉండేది కాదు. షెడ్డులో ఆ చివర నుంచి ఈ చివర వరకు వెతికి, చివరకు గేటు దగ్గరి కాపలాదారు కిష్టప్పను ఆశ్రయించడం నిత్యకృత్యం. ఒకనాడు కిష్టప్ప కూడా ఆయనతో పాటు రెండు చుట్లు తిరిగి, నెమ్మదిగా, "సార్, ఇయ్యాల మీరు బస్సుల వచ్చిన్రు" అన్నాడట. ఈ సంగతి కామరాజు గారే క్యాంటీనులో చెప్పి, అందరికంటే ముందు తానే నవ్వారు.

ఇక కొమురయ్య సంగతి. జిన్నారం దిక్కు వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ఊరి బడిలో ఏడవ తరగతి వరకు చదివిన ఈయన, మన దగ్గరకు రాకముందు మరొక కర్మాగారంలో పనిచేశారు. అక్కడ యజమాని బంధువుకు తన చేతిలోని పనంతా దగ్గరుండి నేర్పారు. నేర్పడం పూర్తయిన మరుసటి వారమే, యజమాని రేపటి నుంచి రానక్కరలేదన్నాడు. ఆ దెబ్బతో పని విషయంలో నోరు కట్టుకున్నారు. చేసేది చేస్తారు, చెప్పమంటే నవ్వుతారు.

మన నాలుగవ రియాక్టరుకు ఆవిరి ఇచ్చే వాల్వు పాతబడి ఉండేది. దాన్ని పూర్తిగా మూసినా లోపల కొంత ఆవిరి జారుతూనే ఉంటుంది. స్తంభం చాటున ఉన్న రెండవ వాల్వును కూడా మూస్తేనే వేడి ఆగుతుంది. ఈ మర్మం కొమురయ్య ఒక్కరికే తెలుసు. గుర్తుగా ఆ పాత వాల్వు చక్రానికి ఒక ఎర్ర పేలిక కట్టుకున్నారు. అందువల్ల నాలుగవ రియాక్టరు అంటే కొమురయ్యే అన్న పేరు వచ్చింది, ఆ పేరే తన ఉద్యోగానికి రక్ష అని ఆయన నమ్మారు. మిగిలిన ఆపరేటర్లకు తెలిసినదల్లా, పేలిక కట్టినదాన్ని ఆయనను అడగకుండా ముట్టుకోరాదని మాత్రమే.

రెండువేల పదమూడు మార్చిలో, విదేశీ కొనుగోలుదారుల తనిఖీకి పది రోజుల ముందు, యంత్రాలపై ఉన్న దారాలు, గుడ్డలు, సుద్ద గీతలు సమస్తం తొలగించవలసిందని కామరాజు గారు ఉత్తర్వు జారీ చేశారు. శుభ్రతా పనులు చూసే కాంట్రాక్టు కార్మికురాలు ముత్యమ్మ, చెప్పిన పని చెప్పినట్టు, ఆ పేలికను కూడా విప్పివేసింది. అది చూడకుండానే మరునాడు కొమురయ్య, తన తల్లి మల్లమ్మ గారి కంటి ఆపరేషన్ కోసం సెలవుపై సంగారెడ్డి వెళ్లారు. ఆయన స్థానంలో నాలుగవ రియాక్టరు దగ్గర నిలబడినది, చేరి మూడు నెలలైనా నిండని ట్రైనీ కెమిస్ట్ స్నిగ్ధ. పని విధానపు కాగితంలో ఉన్నట్టే వాల్వు మూసింది. అడగడానికి అక్కడ గుర్తే లేదు.

మధ్యాహ్నం రెండు గంటల వేళ లోపలి వేడి అదుపు తప్పి, ఒత్తిడి మితిమీరితే పగిలే రక్షణ రేకు పగిలి, మరిగే ద్రావకం పైఅంతస్తు మెట్లపై కుమ్మరించినట్టు పడింది. నమూనా తీయడానికి అక్కడే నిలబడి ఉన్న స్నిగ్ధ, చేతి తొడుగులు మరచిపోయానని అప్పుడే కిందికి దిగింది. ఎనిమిది మెట్ల తేడా. ఎవరికీ గాయం కాలేదు. కానీ ఆ అమ్మాయి గంటసేపు గోడకు ఆనుకునే కూర్చుంది. సంగారెడ్డి ఆసుపత్రి వరండాలో కొమురయ్య ఫోనులో ఈ వార్త విన్నారు. ఏమైందని తల్లి అడిగితే, ఏం లేదన్నారు.

మూడవ రోజు విచారణ. నాటి ప్లాంట్ హెడ్ శ్రీ మురళీమోహన్ గారి ముందు నివేదిక ముందే సిద్ధమై ఉంది. హెచ్చరిక గుర్తును అనాలోచితంగా తొలగించినందుకు ముత్యమ్మను పనిలోంచి తీసివేయాలని దాని సారాంశం. ఆమెను పిలిచి అడిగారు. కొంగు నడుముకు చుట్టుకుని నిలబడిన ఆమె చెప్పినది ఇంతే: "తీయుమన్నరు, తీసిన. అదేం గుడ్డనో నాకేమెరుక?"

సెలవు నుంచి తిరిగివచ్చిన కొమురయ్య వెనుక వరుసలో కూర్చుని లెక్క వేసుకున్నారు. చెబితే తన బతుకు పోతుంది, చెప్పకపోతే ఆమె బతుకు పోతుంది. తల వంచుకున్నారు.

అప్పుడు లేచి నిలబడినది కామరాజు గారు.

"ఆ పేలిక విప్పమన్న సంతకం నాదండి. ఆరేళ్లుగా రోజూ దాని పక్క నుంచే నడిచాను. ఎందుకు కట్టారని ఒక్కసారీ అడగలేదు. తెలియనిదాన్ని తీసేయమన్నాను. నివేదికలో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయండి."

పదోన్నతుల జాబితా హెడ్డాఫీసులో ఉన్నదని, తొందరపడవద్దని మురళీమోహన్ గారు నచ్చజెప్పబోయారు. కామరాజు గారు ఆ కాగితం తన వైపు తిప్పుకుని, ఆమె పేరుపై అడ్డంగా గీత గీసి, కింద తన పేరు రాసి కూర్చున్నారు. ఇరవై ఏళ్ల ఫ్యాక్టరీ జీవితంలో, తప్పు పైనుంచి కిందికి దిగడమే తప్ప, ఒక అధికారి వంగి దాన్ని ఎత్తుకోవడం కొమురయ్య చూసి ఉండలేదు. బిత్తరపోయారు. ఎప్పుడు లేచారో ఆయనకే తెలియదు.

"ఆ పేలిక గట్టింది నేను సార్. ఆ వాల్వు బంద్ చేసినా ఆవిరి ఆగదు, ఎనుక ఇంకోటి బంద్ జెయ్యాలె. గా సంగతి నాకొక్కనికే ఎరుక. ఎవ్వలికి చెప్పలే."

ఉద్యోగం ఆ క్షణంతో సరి అనుకున్నారు. సాయంత్రం కామరాజు గారు తన గదికి పిలిపించి, కుర్చీ చూపి, "ఎందుకు చెప్పలేదని అడగనండి. చెబితే ఏమవుతుందనుకున్నారు?" అన్నారు. ఎన్నడూ ఎవరూ వేయని ఆ ప్రశ్నకు కొమురయ్య పాత కర్మాగారం కథంతా చెప్పారు. కామరాజు గారు చివరిదాకా విన్నారు. ఓదార్చలేదు, హామీలివ్వలేదు. మరునాడు నాలుగవ రియాక్టరు పని విధానాన్ని కొత్తగా రాయించి, రెండవ వాల్వు గురించిన వాక్యం కింద మరొక వాక్యం చేర్చారు: ఈ జాగ్రత్త తెలిపినవారు శ్రీ కొమురయ్య. పేరు అచ్చులో ఉన్నంతకాలం మనిషిని కాదనడం ఎవరికైనా కష్టమే.

ఆ ఒక్క వాక్యంతో మన కర్మాగారంలో ఏదో ముడి వీడింది. ఎవరి పేలిక వారు, ఎవరి సుద్ద గీత వారు వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. ఉదయం షిఫ్టు మారే వేళ పది నిమిషాలు ఇందుకే కేటాయించబడినాయి. కాలువలో వాసన మారితే పైన ఎక్కడో గొట్టం కారుతున్నట్టేనన్న జాగ్రత్త కింద ముత్యమ్మ పేరున్నది. కామరాజు గారికి హెచ్చరిక లేఖ వచ్చింది, పదోన్నతి మూడేళ్లు వెనక్కి పోయింది. రెండువేల పదహారులో అది వచ్చిననాడు మిఠాయి పంచినది కొమురయ్య. ఇప్పుడు కామరాజు గారి ఆసనాన్ని స్వీకరించబోతున్నది నాటి ట్రైనీ స్నిగ్ధ గారే.

వ్యాసం ఇక్కడ ముగియవలసింది. కానీ గత ఆదివారం, ఈ వీడ్కోలు సంచిక కోసం వివరాలు అడగడానికి కొమురయ్య బీరంగూడలోని కామరాజు గారి ఇంటికి వెళ్లారు. కమలాకుమారి గారు టీ ఇచ్చారు. విచారణనాటి సంగతి తప్పక రాస్తున్నామని చెప్పగానే కామరాజు గారు కప్పు కింద పెట్టారు.

"ఆ రోజు హెడ్ గారి ముందున్న కాగితం ఎవరు రాశారనుకున్నారు? నేనేనండి. ముందురోజు సాయంత్రం నా గదిలో కూర్చుని రాశాను. ముత్యమ్మ పేరు నేనే పెట్టాను. 'నాకేమెరుక' అని ఆమె అనేదాకా అందులో తప్పుందని తోచలేదు. ఆ గుడ్డ సంగతి నాకు మాత్రం తెలుసా?"

కొమురయ్యకు పన్నెండేళ్ల తరువాత మళ్లీ ఆ విచారణ గదిలోనే నిలబడినట్టయింది. "ఇన్నేండ్ల సంది మిమ్ముల దేవుడనుకున్నం గద సార్" అన్నారు.

"అందుకే చెబుతున్నాను. దేవుణ్ణి చూసి ఎవరూ ఏమీ నేర్చుకోరండి, దండం పెట్టి వెళ్లిపోతారు. సంచికలో వేయండి."

ముత్యమ్మకు ఈ మాట తెలుసునా అని కొమురయ్య అడిగారు. ముందురోజే ఆమె ఇంటికి వెళ్లి చెప్పానని కామరాజు గారు అన్నారు. ఆమె ఏమన్నదో కూడా చెప్పారు. విచారణకు ముందటి సాయంత్రం ఆయన ఆ నివేదిక రాస్తుండగా ఆ గది ఊడ్చినది ముత్యమ్మే. తన పేరు చదువుకునేంత చదువు ఆమెకున్నది.

"గప్పుడే సూసిన సార్," అన్నదట. "మీరే చెప్తరని ఆగిన."

ఆయన కోరిక మేరకు, ముత్యమ్మ సమ్మతితో, ఉన్నదున్నట్టు ఇక్కడ అచ్చు వేస్తున్నాం. చదివినవారికి మా వలెనే మనసు ఒక క్షణం నిలిచిపోతే నిలిచిపోనివ్వండి. తన తప్పును ఒకసారి సభలో, మరొకసారి ఆమె గడపలో చెప్పుకొనగలిగిన ఈ పెద్దమనిషికి, శ్రీమతి కమలాకుమారి గారి సాహచర్యంలో, కుమార్తె అలేఖ్య కుటుంబపు సందడిలో, మోకాళ్ల నొప్పి ఎరుగని నడక, కంటి నిండా నిద్ర, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని మన కర్మాగార కుటుంబమంతా మనసారా ఆకాంక్షిస్తున్నది. ఈ శుభాకాంక్షల కింద మొదటి సంతకం ముత్యమ్మది.