ధనరాజు మావ కుడికాలి ఎత్తు

గరివిడిలో లక్ష్మీనరసమ్మ టీకొట్టు ముందు బల్ల మీద భాస్కర్ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో తలకాయ పట్టుకుని కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో లారీలను కాటా వేసే ఉద్యోగం అతనిది. ఎన్ని లారీలొచ్చినా లెక్క తప్పడు గానీ, ఫోనులో చెస్ ఆడుతూ ఇంట్లో రెండుసార్లు పాలు పొంగబెట్టాడు. దాంతో భార్య శ్రావణి గడువు పెట్టింది. రథసప్తమిలోగా రేటింగు ఏడువందలకి చేరాలి, చేరకపోతే ఆ యాప్ ఫోనులో ఉండదు. రేపే రథసప్తమి. రేటింగు చూస్తే ఆరువందల తొంభైనాలుగు.

ఒక్క ఆట గెలిస్తే గట్టెక్కుతాడు. కానీ ఆట మొదలుపెట్టడం ఏ ఓపెనింగ్‌తో? ఒక వీడియోలో ఇటాలియన్ నేర్చుకోమన్నారు. ఇంకోదాంట్లో లండన్ అన్నారు. మూడోవాడు కొత్తవాళ్ళకి అసలు ఓపెనింగులే వద్దన్నాడు. ముగ్గురు చెప్పిందీ నిజమే అనిపించడం అతని ఖర్మ.

ఇదే గోడు, పక్కనే టీ తాగుతున్న విత్తనాల కొట్టు ధనరాజు దగ్గర వెళ్ళబోసుకున్నాడు. ధనరాజు అడక్కపోయినా చెప్పే మనిషి, ఇక అడిగితే ఆగుతాడా!

“ఇటాలియనేటి, లండనేటి? ఒరే భాస్కరా, కొత్తింట్లోకి ఏ కాలు ముందెడతావు?”

“కుడికాలు.”

“మరి? కుడిపక్క చివరి బంటుని రెండు గళ్ళు తొయ్యి. దానెనకాల ఏనుగుని పైకి లాగు. అంతే! పోయినేడు అరసవల్లి దర్శనానికెల్లినాను. లాడ్జిలో కరెంటు పోనాది. గుమస్తా బోర్డేసుకుని కూకున్నాడు. పాపమని ఓ ఆట ఆడినాను. పన్నెండెత్తుల్లో మట్టి కరిసినాడు. గొప్పలు సెప్పుకోడం నాకు సేతకాదు గానీ, ఆ తర్వాత ఏటయినాదో తెలుసా?”

“ఏటయినాది బావా?” అంది లక్ష్మీనరసమ్మ, టీ వడపోస్తూ.

“మేడమీద రష్యావోడొకడు దిగినాడు. సప్పుడు ఇని దిగొచ్చినాడు. నాను తువ్వాలు కళ్ళకి కట్టేసుకుని, ఓ సేత్తో పులిహోర తింటూ ఆడినాను. మెతుకు కింద పడలేదు, ఆడి మంత్రి మాత్రం పడిపోనాది!”

భాస్కర్‌కి ఒక అనుమానం వచ్చింది. “మావా, అవతలోడు కూడా కుడికాలే ముందెడితే?”

“ఆడి కుడి మనకి ఎడమ కదరా. ఎడమ మనమీద పనిసేస్తాదేటి?”

భాస్కర్ తన కుడిచెయ్యి చాపి చూసుకున్నాడు. తర్వాత అటువైపు తిరిగి కూర్చుని ఎడమచెయ్యి చాపాడు. ఇందాకటిదాకా మూడు దారులే, ఇప్పుడు దిక్కులు కూడా తెలియడం లేదు. కానీ ఇంత ధీమాగా ఇంకెవరూ చెప్పలేదు. ఆట మొదలెట్టి, కుడిపక్క బంటుని తోశాడు.

“అక్కడితో అయిపోనాదా? లాడ్జి సరిపోక వీధిలో యాభై బోర్డులేసినారు. యాభైమందినీ ఒకేసారి పట్టినాను. ఆటోలన్నీ ఆగిపోనాయి. ఆఖరోడి రాజుకి దారి లేక, బోర్డు దిగి, మెట్లు దిగి, ఆటో ఎక్కి శ్రీముఖలింగం ఎలిపోనాడు!”

“సెక్క రాజు ఆటోలో కూకున్నాడేటి?” అంది లక్ష్మీనరసమ్మ.

“కూకోలేదు, నిలబడే ఎల్లినాడు. రాజు కదా, అందరి పక్కనా కూకుంటాడేటి?”

భాస్కర్ ఏనుగుని పైకి లాగాడు. అవతలివాడు ఈలోగా మంత్రి ముందు బంటుని కదిపి దారి చేసుకున్నాడు. ఎక్కడో మూలనుంచి శకటు ఏటవాలుగా వచ్చి ఏనుగుని తినేసింది. ఆ తర్వాత ఆట ఎంతోసేపు సాగలేదు. ఓడిపోయాడు, రేటింగు ఆరువందల ఎనభైయారుకి దిగింది.

“మావా, రెండో ఎత్తుకే ఏనుగు పోనాది. నీకెలాగ పోలేదు?”

“నమ్మకం సాలలేదురా నీకు.”

లక్ష్మీనరసమ్మ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది. “ఆ లాడ్జి గుమస్తా మా తమ్ముడు గోవిందే బావా. నువ్వెల్లినప్పుడల్లా ఫోన్ సేస్తాడు. ‘అక్కా, మీ ఊరి ధనరాజు గారు మళ్ళీ ఆ బంటే తోసినారు, మళ్ళీ రెండో ఎత్తుకే ఏనుగుని తినేసినాను, పాపం, పులిహోరెట్టి పంపినాను’ అంటాడు.”

భాస్కర్‌కి కోపం రాలేదు. ఏడుపే వచ్చినంత పనైంది. రేపు పొద్దున్నకి యాప్ పోతుంది, అంతే.

ధనరాజు టీ గ్లాసు పక్కన పెట్టి తన ఫోను తీశాడు. “ఒరే, నాతో ఆడు. నాను కుడికాలే పెడతాను, నువ్వు ఏనుగుని తినేయ్. నీ రేటింగు పెరుగుతాది.”

భాస్కర్ ఆశగా తొంగి చూశాడు. ధనరాజు రేటింగు రెండువందల పన్నెండు.

“నీమీద గెలిస్తే నాకు ఒక్కటే పెరుగుతాది మావా. నాకు పద్నాలుగు దాకా కావాలి.”

ధనరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “అయితే పద్నాలుగు సార్లు ఓడిపోతాను, కూకో. మొత్తం జిల్లాలో ఒక్క సాయంత్రం పద్నాలుగు సార్లు ఓడినోడు ఇంకెవడైనా ఉన్నాడేటి?”