పలక్కూడని దిబ్బ

"మామ్మా, దండుదిబ్బ మీద గుర్రాల చప్పుడు నువ్వు నిజంగా విన్నావా?"

విన్నానా ఏంటే! కాపరానికొచ్చిన ఏడాదే విన్నాను. ఆ దిబ్బ మన కొబ్బరితోటలోదే కదా. ఏ రాజులో, ఎవరో, ఎప్పుడో అక్కడ కొట్టుకు చచ్చేరంట. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలనప్పుడు, ముందు గుర్రాల డెక్కల చప్పుడు వచ్చేది. తర్వాత కత్తులు. ఆఖర్న ఒక మూలుగు... అబ్బ, చెప్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, చూడు నా చెయ్యి.

మా అత్తగారు మొదట్లోనే చెప్పేరు, "అమ్మాయ్, ఆ మూలుగు వినపడితే పని ఆపి, తల దించుకుని కూచో. పలక్కు. పలికినోళ్ళని తీసుకుపోతారు" అని. కొబ్బరికాయలు దింపు తీసేవాళ్ళు కూడా చెట్టుమీదే కళ్ళు మూసుకునేవారు.

తొంభయ్యారు తుపాను వచ్చిందా... నువ్వప్పటికి పుట్టలేదులే, మీ నాన్నకింకా పెళ్ళే కాలేదు. తోటలో చెట్లన్నీ పడుకున్నాయి. కాయ మూడు రూపాయలున్న రోజులు, కాదు, మూడున్నర... సరేలే, అదెందుకిప్పుడు. పడ్డ చెట్లు నరకడానికి వెళ్ళేం. మీ తాతయ్యగారు గొడ్డలి పట్టుకుని దిబ్బకి అవతలవైపు వెళ్ళేరు. ఇవతల నేనూ, నలుగురు కూలీలూ.

మధ్యాహ్నం మూలుగు వినపడింది. అందరం పని ఆపేసి తలలు దించుకున్నాం. ఎంతసేపటికీ ఆగదే! అప్పుడు తట్టింది నాకు. గుర్రాలేవీ? ముందు గుర్రాలు రావాలి కదా! కత్తులూ లేవు. ఒక్క మూలుగే.

"ఏవండీ!" అని అరిచేను. పక్కనున్న కూలిమనిషి నా నోరు మూయబోయింది. తోసేసి పరిగెత్తేను. చెట్టు మొద్దు దొర్లి ఆయన కాలిమీద పడుంది. నొప్పికి కేక రాక అలా మూలుగుతున్నారు. "ఎంతసేపట్నుంచి పిలుస్తున్నానే..." అన్నారు, నన్ను చూసి. నాకు ఏడుపాగలేదు. మొగుడు పిలుస్తుంటే తల దించుకుని కూచున్నదాన్ని నేనే కదా!

అందరం కలిసి మొద్దు లేపేం. కాలు వంకరైంది గానీ, బతికేరు. ఆయన ఒకటే అనేవారు, "నేను మూలుగుతున్నంతసేపూ ఆ దిబ్బమీదవాళ్ళు చప్పుడు చెయ్యలేదే. నా గొంతు మీకు వినపడాలనే గుర్రాల్ని ఆపేరు" అని. నిజవో కాదో నాకేం తెలుసు! దిబ్బవైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను.

అప్పట్నుంచి ఆ మూలుగు వస్తే నేను పలుకుతున్నాను. "ఆయ్, ఉన్నామండీ" అంటాను. ఏ తల్లి కన్నబిడ్డో, ఎన్నేళ్ళనించి పిలుస్తున్నాడో! నన్నెవరూ తీసుకుపోలేదు. పలగ్గానే ఆగిపోతుంది, తెలుసా.

నువ్వు పిలిస్తే పలికే మనుషులు ఎప్పుడూ నీ చుట్టూ ఉండాలమ్మా... అంతే.