సినిమాల లేని మేక

"అమ్మమ్మా, నిన్న అందరు కడుపుబ్బ నవ్వుతుంటే నువ్వెందుకే ఏడ్సినవు?"

సూసినవా? కొంగుతోని మూతి తుడుసుకున్నట్టు చేసిన గదనే, చీకట్ల ఎవలు సూస్తరులే అని. నీ కండ్లే కండ్లు బిడ్డా. మీ అమ్మకైతే ఇసుంటియి ఒక్కటి కనవడయి. కూసో, చెప్త. జర గా దిండు ఇటు జరుపు, నడుము పట్టింది. జగిత్యాల దాక బస్సుల పోయి అచ్చుడంటే మాటలా? కుర్సీలైతే మంచిగున్నయి తియ్యి గా కళాభవనంల, మెత్తగ. పాత నవ్వుల సినిమా ఉత్తగనే ఏస్తున్నరు, పా అమ్మమ్మా అని నువ్వు గుంజుకపోతివి. ఏం సినిమానో అడగాలెనని గూడ నాకు తోచలే. పర్ద మీద గా చెవిటోడు అచ్చినంకనే ఎర్కయింది. ఇదే గదా అనుకున్న.

గా సినిమా మా కోరుట్ల టాకీసుకు అచ్చినప్పుడు మీ అమ్మకు ఏడాది... కాదు కాదు, ఇంక ఏడాది నిండలే, అప్పుడప్పుడే పాకుతుండె. నేను బీడీలు చేసేదాన్ని గదా. మా వాడల ఏడెనిమిది మంది ఆడోళ్లం ఖతీజ వాళ్లింట్ల కూసునేది, లోపటి వాకిట్ల. ఎందుకంటే ఖతీజ బయటకు రావద్దు. వాళ్ల మామ మస్తు ఖడక్ మనిషి. దర్వాజ పర్ద జరిగితే సుత దగ్గుతుండె లోపట్నుంచి. పాపం, గా పిల్ల పుట్టినకాన్నుంచి టాకీసు మొఖమే సూడలే. నా ఈడుదే, నాకంటె ఆర్నెల్లు సిన్నదేమో.

ఇగ సినిమాకు అందరం పోతే బీడీలు ఎవలు చేస్తరు? తెల్లారి కార్ఖానకు ఒప్పజెప్పాలె. గందుకని ఒక్కలే పోవుడు, అచ్చి అందరికి కథ చెప్పుడు. గా ఒక్కలు ఎప్పుడు నేనే! నాకు గొంతులు మార్సుడు అచ్చేది, హీరో తీరు, విలను తీరు, ముసలవ్వ తీరు. చెప్పేటప్పుడు చేతులు ఊపాలె, లేసి నడిసి సూపియ్యాలె, మరి నేను బీడీ ఎట్ల చుడ్త? గందుకు తలా కొన్ని బీడీలు నా చాటల ఏసేటోళ్లు, నా లెక్క ఎల్లిపోయేది. ఖతీజ ఐతే నేను సూడనప్పుడు ఇంకో పిడికెడు ఏసేది. సూసేదాన్ని, సూడనట్టు ఉండేదాన్ని. ఏం చేస్తం, ఆశ.

సరే, గా సినిమా. మ్యాట్నీకి పోయిన, నేల టికెట్ రూపాయి ఉండె గావచ్చు, ఆడోళ్ల దిక్కు కూసున్న. ఒళ్లె మీ అమ్మ. కథ నువ్వు సూసినవు గదా, ఇంటామె నోరు పెద్దది, కిరాయికి ఎవ్వలు నిలవరు, ఇగ చెవిటోనికే ఇల్లిస్త అంటది, వీడు చెవులు ఇనవడయని నాటకమాడి దిగుతడు. జనం నవ్వుడే నవ్వుడు. జనం నవ్వినప్పుడల్ల మీ అమ్మ జడుసుకొని కెవ్వున ఏడ్సుడు! ఎంత మంచి సీనైతే గంత ఏడుపు. ముంగటామె తిరిగి సూసుడు, ఎన్కామె గులుగుడు. ఇంటర్వెల్ల ఇగ లేసి బయటపడ్డ. సగం సినిమా అట్లనే పోయింది.

ఇంటికి నడుసుకుంట నాకు ఒక్కటే పరేశాన్. పొద్దుగాల అందరు నోర్లు తెరుసుకొని కూసుంటరు. సగమే సూసిన అంటే చాటల బీడీలు సగమే పడ్తయి గదా. గప్పుడే ఎదురుంగ ఒక మేక, ఎవల్దో దండెం మీది లుంగీ నములుతుంది. దొరికిందిరా అనుకున్న.

తెల్లారి చెప్పిన. చెవిటోనికి ఉన్నది ఒక్కటే లుంగీ, గది ఎన్క దండెం మీద ఉన్నది. ఇంటామె మేక అచ్చి కరకర నములుతుంది. వానికి ఇనవడ్తనే ఉన్నది. ఇంటామె ఎదురుంగ నిలవడి వాన్నే సూస్తుంది. ఎన్కకు తిరిగితే దొంగచెవుడు బయటపడ్తది. ఇగ వాడు కదలడు, మేక ఆగది! నేను ఒక తునికాకు నోట్ల పెట్టుకొని మేక తీరుగ మెల్లగ నమిలిన. వాని మొఖం పెట్టిన. అబ్బా, ఖతీజ నవ్వింది సూడు బిడ్డా, చాటల తంబాకంత ఎగిరింది, నోటికి దుప్పట అడ్డం పెట్టుకున్నది, మామ లోపట్నుంచి దగ్గినా ఆగలే. గంత నవ్వు నేను మల్ల ఎవల దగ్గర సూడలే.

గప్పట్నుంచి ఇగ యాల్లకు యాల్ల, "ఏమే లచ్చక్కా, మేక ముచ్చట చెప్పరాదూ" అనుడే. ఎన్నిసార్లు చెప్పిన్నో. చెప్పి చెప్పి మేక కొమ్ములు గూడ నాకు ఎర్కే, ఒకటి ఒంకర.

ఇగ ఇను, అసలు ముచ్చట గిక్కడున్నది. కొన్నేండ్లకు గదే సినిమా మల్ల అచ్చింది మా టాకీసుకు. గప్పటికి ఖతీజ మామ పోయిండు, మొగడు దుబాయిల ఉండె, అత్త మెత్తపడ్డది. ఒక్క ఆట సూసిరా పో అన్నదట. మధ్యాహ్నం మా ఇంటికి ఉరికచ్చింది. ఇస్తిరి చేసిన బుర్ఖా, అత్తరు వాసన. "పా అక్కా, ఒక్కపారి మేకను సూస్త" అన్నది. నా పానం ఎట్లయితది? మేక లేదు గదా. ఇన్నేండ్లు నువ్వు అబద్ధమాడినవా, మా బీడీలు తిన్నవా అంటది. సిగ్గయింది. "సినిమా ఎత్తేసిండ్రు ఖతీజా, నిన్ననే" అన్న.

"అవునా" అన్నది. గంతే. ఇద్దరం వాళ్లింటికే పోయినం, బుర్ఖా ఇప్పి మడత పెట్టింది, చాట ముంగటేసుకున్నది.

పొద్దు గూకక ముందే మైకు కట్టుకొని రిక్షా అచ్చింది వాడలకు. గదే సినిమా పేరు చెప్పి, నేడే సూడండి, రేపు గూడ ఆడుతది అని ఒర్రుకుంట మా సందులకెల్లి పోయింది. నేను, ఖతీజ ఇద్దరం చాటల ముంగట్నే కూసున్నం. నేను తల ఎత్తలే. ఆమె ఆకు కత్తిరిచ్చుకుంట కూసున్నది. తర్వాత వాళ్ల కొడుకుకు సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసే పని దొర్కింది, అందరు ఎల్లిపోయిండ్రు. పండుగకో పబ్బానికో ఫోన్ల మాట్లాడుకుంటం గని, మల్ల ఎన్నడు సినిమా మాట ఎత్తలే ఆమె.

ఇగ నిన్న సూడు. ఇంటర్వెల్ అయినంక నాకు కొత్త సినిమా గది. నేనే పుట్టిచ్చిన మేక అని ఎర్కనే, అయినా సూస్తున్న బిడ్డా, ఇప్పుడస్తది, ఇగ అస్తది అని. ఇంటామె తమ్ముడచ్చె, పెండ్లాయె, ఆఖరుకు శుభం పడె. మేక రాలే. నీ దిక్కు నువ్వు నవ్వుతున్నవు, ఇటు దిక్కు కుర్సీ ఖాళీ. గాడ నా సంచి పెట్టుకున్న. గందుకే ఏడ్సిన. ఆమెను కూసోవెట్టాల్సిన జాగ గది.

పొద్దుగాల నువ్వు పండుకున్నప్పుడు ఆమెకు ఫోన్ చేసిన. నిద్ర పట్టలే నాకు. "ఖతీజా, గా సినిమాల మేక లేదే, నేను ఉత్తగ చెప్పిన. సినిమా ఎత్తేసిండ్రు అన్నది గూడ అబద్ధమే" అన్న.

"ఎర్కే లచ్చక్కా" అన్నది. "నువ్వు చెప్పిన వారంల్నే మా తమ్ముడు సూసచ్చిండు. మేక లేదు, గీక లేదు అన్నడు."

"మరి ఎందుకే గంత తయారై అచ్చినవు?"

"పాగల్! సినిమా కోసమని ఎవలన్నరు? నీ పక్కన మూడు గంటలు కూసుందామని అచ్చిన. చేతుల చాట లేకుండ."

ఇన్నేండ్లు ఒక్కటే తీరు అనుకున్న, ఆమెకు మేక కావాలెనని. ఇప్పుడన్న రాయే, నా మనుమరాలు తీస్కపోతది అన్న. నవ్వింది. "ఇప్పుడేం సూస్తనే, షుగరు నా రెండు కండ్లు తిన్నది" అన్నది. నాకు ఎర్కలే గా సంగతి. ఆమె చెప్పలే, నేను అడగలే.

రేపు నన్ను సిరిసిల్ల బస్సెక్కియ్యి. రెండు మూడు దినాలు ఉండి అస్త. ఏం చెప్ప, ఊకెనే పక్కన కూసుంట.

నీ దోస్తు పిల్ల, ఎటో పోదాం పా అని నీకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంది గదా? ఇన్న నేను. నువ్వు పనున్నది, తర్వాత సూద్దాం అంటున్నవు. అట్లనకు బిడ్డా, పో. ఎటన్న పో. మీ అమ్మకు నేను చెప్త. సల్లంగుండు... ఇద్దరు సల్లంగుండుండ్రి...