నీళ్లంటే భయపడేవాళ్ల పేజీ

బోకాస్ రేవులో పడవ కట్టేసి వచ్చిన భర్త, అరటికాయ వేపుడు తింటూ ఫోను చూసుకుంటున్న భార్య మీదికి గొడవకొచ్చాడు.

“ఏమే, నా పడవ మెల్లగా పోతుందని లోకమంతా చాటింపు వేశావట! ఈ రేవులో దానికి మెరుపని పేరు, తెలుసా?”

“లోకమంతా కాదయ్యా. నీళ్లంటే భయం, కానీ దీవి చూడాలి అని ఫోనులో వెతికేవాళ్లకే నేను పెట్టిన కొత్త పేజీ కనిపిస్తుంది. మెరుపు కావాలనేవాళ్లకి నీ పాత పేజీ ఉందిగా.”

“దానికేం తక్కువ? డాల్ఫిన్లు, అలలు, మా తాత ఫోటో, అన్నీ పెట్టాను!”

“అందుకే అందరూ చూసేసి పోయేవాళ్లు, ఎక్కేవాళ్లు కాదు. నా పేజీలో ఒక్కటే ఫోటో. నువ్వు ఒక ముసలావిడకి చెయ్యి అందిస్తున్నది. పడవ ఒడ్డు పక్కనే మెల్లగా వెళుతుంది, ఆపమంటే ఆగుతుంది, ఎవరూ నవ్వరు అని రాశాను. ఆ కిందే సీటు పట్టుకునే బటన్.”

“నిజమేలే. వారం నుంచీ పడవ నిండా బామ్మలే. దిగేటప్పుడు నా బుగ్గలు గిల్లి మరీ పోతున్నారు. గొప్పదానివే నువ్వు! అయినా భయపడేవాళ్లకి ఏం చెప్పాలో నీకెలా తెలిసింది?”

“పెళ్లయిన దగ్గర్నుంచి నీ పడవ ఒక్కసారైనా ఎక్కానా?”

“వంటపని ఉందనేదానివిగా...”

“నువ్వు ఏ మాట చెబితే ఎక్కేదాన్నో, అదే రాశాను.”

అతను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“రేపు పడవలో ముందు బల్ల మీద నీకో సీటు పట్టుకో.”

“పొద్దున్నే ఆ పేజీ మళ్లీ చదువుకుని, బటన్ నొక్కేశాను.”